వేళ్ళు వేస్తున్న ప్రశ్న

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను వయొలిన్‌లో పీజీ రెండో ఏడాది చదువుతున్నాను. ఏడేళ్ళ వయసు నుంచి వాయిస్తున్నాను. ఈ ఏడాది మాకు సిద్ధాంతం, పరిశోధన పద్ధతులు అనే పేపరుంది, దాంతోపాటు డిసర్టేషన్. ‘కర్ణాటక సంగీతంలో గమకాల ప్రాముఖ్యం’ అని టాపిక్ ఇస్తే, ‘ఇందులో ప్రశ్నేదమ్మా?’ అని గైడ్ గారు వెనక్కి పంపేశారు. రాయడానికి కూర్చుంటే సాధన పోతోంది. తోడి రాగ వర్ణం రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) గాంధారం, అదే ‘గ’ స్వరం, కుదరక రోజూ గంటసేపు దానితోనే తంటాలు పడుతున్నాను, ఇంక రాయడానికి టైమెక్కడిది? ‘వాయించేవాళ్ళకి ఈ రాతలెందుకు’ అంటారు మా గురువుగారు. నాకు లెక్కలు రావు, సంస్కృతం రాదు. పైగా ఒక భయం: నేను కనుక్కున్నది గురువుగారి మాటకి భిన్నంగా వస్తే ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.
– ఒక వయొలిన్ విద్యార్థిని

సమాధానం:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గైడ్ గారు అడిగిన ప్రశ్నకి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, నువ్వు దాన్ని ఫిర్యాదుగా రాశావు. తోడి గాంధారం రెండో కాలంలో కుదరడం లేదన్నావు చూడు, అదే నీ టాపిక్.

ఎందుకంటే, ‘కుదరడం లేదు’ అంటున్నావంటే ఎలా ఉంటే కుదిరినట్టో నీ చెవికి తెలుసు. ఆ తెలిసినదేదో ఇంకా మాటల్లోకి రాలేదు. వాయించేవాళ్ళ పరిశోధన చాలావరకు ఇక్కడే మొదలవుతుంది. గమకాల (స్వరాన్ని ఊపడం, జార్చడం లాంటివాటి) ప్రాముఖ్యం మీద రాస్తే వంద పేజీలు నింపవచ్చు, కానీ అవి చదివినవాళ్ళెవరూ ‘కాదు’ అనలేరు. కాదనడానికి వీల్లేనిది ప్రశ్న కాదు. మీ గైడ్ గారు మంచి పనే చేశారు.

ఇప్పుడు నీ తంటానే కొంచెం విడదీద్దాం. వర్ణం అనే ఆ రచనని రెండు కాలాల్లో వాయిస్తావు. ఒకటో కాలంలో ఒక గాంధారం ఒక సెకను నిలిచిందనుకో, అందులో వేలు నాలుగుసార్లు ఊగిందనుకో. రెండో కాలంలో అదే గాంధారానికి అర సెకనే దొరుకుతుంది. అప్పుడు నీ వేలు ఏం చేస్తోంది? నాలుగు ఊపులూ ఆ అర సెకనులోనే ఇరికిస్తోందా? లేక వేగం అలాగే ఉంచి రెండు ఊపులతో సరిపెడుతోందా? లేక ఊపే మారిపోయి, మధ్యమం (‘మ’) వైపు నుంచి దిగే చిన్న జారుగా మిగులుతోందా? మూడూ సాధ్యమే. ఏది జరుగుతోందో ఈ క్షణాన నువ్వు చెప్పలేవు, మీ గురువుగారు కూడా వాయించి చూపిస్తారే తప్ప లెక్క చెప్పలేరు. అయితే తెలుసుకోవడం సాధ్యమే, ఇంకొకరు సరిచూడటమూ సాధ్యమే. పరిశోధనకి ఇంతకంటే పెద్ద నిర్వచనం అక్కర్లేదు.

ఇందులో సిద్ధాంతం ఎక్కడుందని అడుగుతావేమో. మన శాస్త్రకారులు లక్ష్యం, లక్షణం అని రెండు మాటలు ఇచ్చారు. పాడేది, వాయించేది లక్ష్యం. దానికి చెప్పుకున్న సూత్రం లక్షణం. ఈ రెండూ ఎప్పుడూ ఒకదాన్నొకటి తరుముతూనే ఉన్నాయి. రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాసినప్పుడు స్వరాలను వీణ మెట్ల మీద చూపించాడు, అంటే సూత్రాన్ని చేతి దగ్గరికి తెచ్చాడు. ఆ తర్వాతి శతాబ్దంలో వేంకటమఖి దారి వేరు. రి-గ జంటలు ఆరు, ద-ని జంటలు ఆరు, మధ్యమాలు రెండు; హెచ్చిస్తే 72 మేళాలు, అంటే రాగాలకి మూలమైన స్వరాల కూర్పులు. ఆయన కాలానికి వాడుకలో ఉన్నవని ఆయనే వివరించినవి 19. మిగతావి లెక్కలో మాత్రమే ఉన్న ఖాళీ గదులు. తర్వాతి వాగ్గేయకారులు వాటిలోకి వెళ్ళి కాపురం పెట్టారు. అంటే లక్షణం కొన్నిసార్లు ఉన్నదాన్ని వర్ణిస్తుంది, కొన్నిసార్లు ఇంకా లేనిదాన్ని ముందే చెబుతుంది. ఈ తేడా పట్టుకుంటే నీ పేపర్లో సగం నీ చేతికి వచ్చినట్టే.

నీ తోడి సంగతే చూడు. పుస్తకం ప్రకారం అందులో ఉన్నది సాధారణ గాంధారం. స్థాయిని, అంటే ‘స’ నుంచి పై ‘స’ దాకా ఉన్న దూరాన్ని, 1200 సెంట్లుగా విభజిస్తారు, అర స్వరానికి 100 చొప్పున. ఆ లెక్కన సాధారణ గాంధారం సుమారు 300 దగ్గర ఉండాలి. నువ్వు వాయించే తోడి గాంధారం అక్కడ నిలబడుతోందా? నిలబడితే అది తోడి కాదని మీ గురువుగారు చెంప మీద కొట్టినంత పని చేస్తారు. అది రిషభం వైపు నుంచి మధ్యమం వైపుకి ఊగే ఒక దారి. పుస్తకంలోని గాంధారం ఒక చుక్క, నీ గాంధారం ఒక గీత. ఆ చుక్కకీ ఈ గీతకీ సంబంధం ఏమిటన్నది సిద్ధాంతం అడిగే ప్రశ్న. దాన్ని మొదటి అధ్యాయంలో పూజగదిలో పటంలా తగిలించి మర్చిపోకు. ప్రతి కొలత దగ్గరా దాన్ని మళ్ళీ కదిలించు.

లెక్కలు రావన్నావు. ఈ పనికి కావలసినవి లెక్కపెట్టడం, భాగించడం, సగటు తీయడం. తాళం వేసేవాళ్ళకి ఇవి ఎప్పుడో వచ్చు. గ్రాఫు సోనిక్ విజువలైజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గీసి పెడుతుంది. రికార్డింగ్ ఇస్తే శ్రుతి ఎలా కదిలిందో గీతగా చూపిస్తుంది. కానీ దాన్ని గుడ్డిగా నమ్మకు. తంబురా వెనక మోగుతుంటే ఆ యంత్రం కొన్నిచోట్ల నీ స్వరాన్ని వదిలేసి తంబురాని పట్టుకుంటుంది, కొన్నిచోట్ల ఒక స్థాయి పైకో కిందకో దూకుతుంది. అందుకని రికార్డు చేసేటప్పుడు శ్రుతి ఇయర్‌ఫోన్లో ఒక చెవిలో విను, మైకులోకి వయొలిన్ ఒక్కటే వెళ్ళాలి. గీత వచ్చాక ప్రతిచోటా రికార్డింగ్ వింటూ సరిచూడు. వినకుండా గ్రాఫు అతికించిన డిసర్టేషన్లు నా చేతికి చాలా వచ్చాయి. గీత మంద్ర స్థాయిలో ఉంటుంది, పక్కన ‘తారస్థాయి సంచారం’ అని రాసి ఉంటుంది. చాలా బాధ కలుగుతుంది. ఆ పిల్లలకి చెవి లేక కాదు, చెవిని పక్కన పెట్టమని వాళ్ళకి ఎవరో చెప్పబట్టి.

చెవి, యంత్రం ఒకే మాట చెప్పవని కూడా గుర్తుంచుకో. అయోవా విశ్వవిద్యాలయంలో కార్ల్ సీషోర్ బృందం 1930ల నాటికే పాశ్చాత్య గాయకుల విబ్రాటోని, అంటే గొంతులో స్వరం వణికే తీరుని, కొలిచింది. సెకనుకి ఆరేడు ఊపులు, వెడల్పు దాదాపు అర స్వరం. వినేవాళ్ళకి మాత్రం ఆ ఊపు అంతకంటే బాగా సన్నగా వినిపిస్తుందని తేల్చారు. మన కంపితం (స్వరాన్ని ఊపే గమకం) విబ్రాటో కాదు, ఆ అంకెలు తెచ్చి ఇక్కడ అతికించకు. తీసుకోవలసింది జాగ్రత్త ఒక్కటే. కొలత ‘ఏం వాయించావు’ అన్నదానికి జవాబిస్తుంది, ‘ఏం వినిపించింది’ అన్నదానికి కాదు. రెండోదానికి వేరే పని చెయ్యాలి: ఆ ముక్కలనే నలుగురు విద్వాంసులకి వినిపించి అడగాలి.

అడిగేటప్పుడు పద్ధతి ఎంత అవసరమో నీ వాద్యం మీదే జరిగిన ఒక పని చెబుతుంది. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ కళాకారుల చేత మూడు కొత్త వయొలిన్లు, మూడు పాత ఇటాలియన్ వయొలిన్లు వాయింపజేశారు. పాతవాటిలో రెండు స్ట్రాడివరీలు, ఒకటి గ్వార్నేరి. గదిలో వెలుతురు తగ్గించారు, కళ్ళకి వెల్డింగ్ అద్దాలు పెట్టారు, పాత చెక్క వాసన పసిగట్టకుండా గడ్డం ఆనే చోట కాస్త సెంటు కూడా రాశారు. చాలామంది తమకి నచ్చిన వయొలిన్ పాతదో కొత్తదో చెప్పలేకపోయారు. అన్నిటికంటే తక్కువ మంది ఇష్టపడినది ఒక స్ట్రాడివరీ. 2012లో ఇది ప్రచురితమయ్యాక ఎంతో వాదన జరిగింది, జరగాలి కూడా. నువ్వు గమనించాల్సింది ఆ సెంటు చుక్క. పేరు తెలిస్తే చెవి మొగ్గుతుంది. అందుకే నీ ముక్కలు వినిపించేటప్పుడు ‘ఇది ఫలానా వారిది’ అనకు. ఊపులు లెక్కపెట్టేటప్పుడు కూడా, ఫైళ్ళకి అంకెలు వేసిపెట్టమని నీ స్నేహితురాలికి చెప్పు, ఏది ఏ రోజు వాయించినదో నీకు తెలియకుండా. ఎన్ని ఊపులు రావాలని నువ్వు ఆశపడుతున్నావో అన్నే కనపడతాయి, ఇది నిజాయితీ లేక జరిగేది కాదు.

ఎన్నిసార్లు వాయించాలి? ఒక రోజు వాయించిన ఒక్క వర్ణం మీద ఏమీ తేల్చలేం. పది రోజులు, రోజుకి రెండుసార్లు, మెట్రోనోమ్ వేగం రాసుకుని వాయించు. కొన్ని రోజులు రెండో కాలం ముందు వాయించు, లేకపోతే నీకు కనపడేది కాలం తేడానా, చెయ్యి వేడెక్కిన తేడానా తెలియదు. పది రోజులూ అయ్యేదాకా గ్రాఫు తెరవకు. చూశావంటే మర్నాడు గ్రాఫు కోసం వాయిస్తావు. ‘ఒక్క మనిషి మీద పరిశోధనేమిటి’ అని వైవాలో (మౌఖిక పరీక్షలో) అడుగుతారు. భయపడకు. రోజర్ చాఫిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, గాబ్రియెలా ఇమ్రే అనే పియానో కళాకారిణి కలిసి చేసిన పని అంతా ఆమె ఒక్కర్తి మీదే. బాఖ్ రచనలో ఒకే భాగాన్ని ఆమె నేర్చుకుంటుంటే సుమారు 33 గంటల సాధనని వీడియో తీసి, ఎక్కడ ఆపింది, ఎక్కడ మళ్ళీ ఎత్తుకుంది అని లెక్కగట్టారు. రచనలో విభాగాలు మొదలయ్యే చోట్లే ఆమె ఆగడం, ఎత్తుకోవడం ఎక్కువని, జ్ఞాపకం కూడా ఆ గుమ్మాలనే పట్టుకుని నిలుస్తోందని బయటపడింది. ఒక్క మనిషి సరిపోతుంది, ‘ఒక్క మనిషి మీద’ అని స్పష్టంగా రాస్తే, అందరికీ వర్తిస్తుందని చెప్పకపోతే.

చూశావా, ఈ పది రోజుల పనీ నీ సాధనే. ఎటూ వాయించే గంటే అది. సాధన పోతోందన్న బాధ నాకు బాగా తెలుసు, నేనూ పడ్డాను. కానీ తన గాంధారాన్ని పది రోజులు ఇలా విన్న అమ్మాయి పదకొండో రోజు ముందులా వాయించదు.

ఇక పాత గ్రామఫోన్ రికార్డులు. పెద్దవాళ్ళ తోడితో పోల్చాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది, పోల్చు. కానీ 78 అని పేరే తప్ప ఆ ప్లేట్లన్నీ నిమిషానికి సరిగ్గా 78 చుట్లు తిరుగుతూ రికార్డయినవి కావు. 74 వేగంతో రికార్డయినదాన్ని 78తో తిప్పితే శ్రుతి దాదాపు అర స్వరం పెరుగుతుంది, పాట కూడా నూటికి అయిదు వంతుల పైన వేగమవుతుంది. సెకనుకి ఎన్ని ఊపులని లెక్కపెట్టావో, ఆ లెక్క మొత్తం తప్పు. పోనీ శ్రుతిని బట్టి అసలు వేగం పట్టుకుందామంటే, ఆ విద్వాంసుడు ఆ రోజు ఏ శ్రుతికి పాడాడో మనకి తెలియదు. దీనికి చిన్న ఉపాయం ఉంది. సెకనుకి కాకుండా అక్షరానికి, అంటే తాళంలో ఒక ఎంచుకి, ఎన్ని ఊపులో లెక్కపెట్టు. ప్లేటు ఎంత వేగంగా తిరిగినా అక్షరమూ ఊపూ కలిసే కుదించుకుంటాయి, నిష్పత్తి మారదు. సెంట్లలో కొలిచిన స్వరాల దూరమూ అంతే. ఏ కొలత దేనికి చెడుతుందో, దేనికి చెడదో ముందే ఆలోచించడం – పద్ధతుల పేపరు నేర్పించాల్సిన అసలు విషయం ఇదని నా నమ్మకం. ఇంకొక మాట, పది అంగుళాల ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు చిల్లర. అందులో ఆలాపన పొట్టిగా ఉందంటే ఆ కాలంలో అంతే పాడేవారని కాదు, ప్లేటు అంతే ఉందని.

చదవాల్సినవి చదువు, కానీ మూలం చదువు. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా విద్వాంసులవుతారని వినే ఉంటావు. ఆ మాట పుట్టింది 1993లో ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద రాసిన వ్యాసం నుంచి. మేటి విద్యార్థులు 20 ఏళ్ళు వచ్చేసరికి చేసిన సాధనకి అది సగటు మాత్రమే. సగటు కాబట్టి అంత చేయని మేటివాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. హద్దు అనో, హామీ అనో ఆ వ్యాసం చెప్పలేదు. మూలం తెరవకుండా పదిమంది రాసినదాన్ని పదకొండోవారిగా రాయకు.

నా మొదటి రాతప్రతిలో నలభై పేజీలు చరిత్రే ఉండేది, నాట్యశాస్త్రం రాసిన భరతుడి నుంచి మొదలుపెట్టి. చదివిన పెద్దాయన పుస్తకం మూసి, ‘ఇందులో నువ్వు విన్నది ఏ పేజీలో మొదలవుతుందమ్మా?’ అని అడిగారు. నలభై ఒకటో పేజీ. ఆ నలభై పేజీలూ తీసేసి మూడు పేజీలు చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది, కన్నీళ్ళు కూడా వచ్చాయి. నువ్వు నీ వర్ణంతో మొదలుపెట్టు. చరిత్ర ఎక్కడ అవసరమైతే అక్కడికి అదే వస్తుంది.

ఇప్పుడు నీ అసలు భయం, గురువుగారు. ‘రెండో కాలంలో కూడా ఊపు తగ్గించకు’ అని ఆయన చెప్పి ఉంటారు, చాలామంది చెబుతారు. నీ లెక్కలో ఆయన వాయించినప్పుడే ఊపులు సగమయ్యాయని తేలిందనుకుందాం. ఆయన తప్పు చెప్పారా? నేనలా అనుకోను. ఆయన చెప్పింది సంఖ్య గురించి కాదు, రాగం పలచబడకూడదని చెప్పారు, చేతికి ఆ ఆజ్ఞ వెళ్తేనే ఆ మిగిలిన రెండు ఊపులూ నిండుగా పడతాయి. గురువు మాట ఒక సాక్ష్యం, గురువు చెయ్యి ఇంకొక సాక్ష్యం. రెండూ రాయి, రెండింటికీ తేడా ఉంటే ఆ తేడా ఎందుకో ఆలోచించు. నీ డిసర్టేషన్లో అన్నిటికంటే విలువైన పేజీలు అవే కావచ్చు.

ఆయన దగ్గరికి గ్రాఫుతో వెళ్ళకు. వయొలిన్‌తో వెళ్ళు. రికార్డు చేసుకోవడానికి, ఎక్కడ వాడతావో చెప్పి, ముందే అనుమతి అడుగు, కాగితం మీద తీసుకో. ‘రెండో కాలంలో ఊపులు తగ్గుతాయి కదండీ’ అని అడిగితే అవుననో కాదనో అంటారు, నీకేమీ దొరకదు. ‘ఇది రెండు కాలాల్లోనూ ఒకసారి వినిపించండి, నాది ఎక్కడ తేడాగా ఉందో చెప్పండి’ అని అడుగు. పెద్దవాళ్ళకి తెలిసింది మాటల్లో కంటే దిద్దడంలో బయటికి వస్తుంది. ఆయన దిద్దిన ప్రతిసారీ ఆ సమయం రాసుకో. రాసింది ఆయనకి చదివి వినిపించు, ఆయన మార్చమన్నది మార్చు; ఒప్పుకోనిది ఉంటే ‘గురువుగారి అభిప్రాయం ఇది’ అని ఆయన మాటల్లోనే పక్కన పెట్టు. రాతలెందుకన్న ఆ మనిషే, తన చేతిలో ఉన్నదాన్ని శిష్యురాలు ఇంత శ్రద్ధగా వింటోందని చూసి మెత్తబడటం నేను చాలా ఇళ్ళలో చూశాను.

మీ క్లాసులో వేరేవాళ్ళకి కొలతలు సరిపడకపోవచ్చు. ఒకే కృతికి ఇద్దరు ముగ్గురు గురువుల పాఠాంతరాలు పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు, కొత్త కృతి నేర్చుకుంటూ సాధన డైరీ రాయవచ్చు. ఏది చేసినా ప్రశ్న ఒక్క వాక్యంలో పట్టాలి, జవాబు తమకి నచ్చనిదిగా వచ్చే వీలుండాలి.

సంస్కృతం రాదన్న బెంగ ఈ పనికి అక్కర్లేదు. శాస్త్ర గ్రంథాలకి అనువాదాలున్నాయి, ఎవరి అనువాదమో, ఏ ముద్రణో రాసి వాడుకో. కానీ నీకు అందరికంటే ముందు కావలసిన పుస్తకం తెలుగులోనే ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో, స్వరాల మీద గమకాల గుర్తులతో వచ్చింది. ఎందరో విద్వాంసులు దాన్ని చదవడానికే తెలుగు లిపి నేర్చుకున్నారు, నీకు అది చిన్నప్పుడే అబ్బింది. అదీ ఒక ఇంటి, దీక్షితుల ఇంటి, పాఠమేనని మర్చిపోకు. అందులోని కృతుల్లో ఎక్కువ వాటిని రచించిన ముత్తుస్వామి దీక్షితులు పోయింది 1835లో, పుస్తకం వచ్చింది 69 ఏళ్ళ తర్వాత. ముందు పీఠికలో గమకాల గుర్తుల వివరణ చదువు, కంపితానికి ఏ గుర్తు వేశారో చూసుకో. తర్వాత 8వ రాగాంగం (మేళరాగం) తెరువు. ‘తోడి’ అని వెతికితే కంగారు పడతావు, అక్కడ దాని పేరు జనతోడి.